జనాభా కాగితంలో మాట

“ఆ పిల్లకి చిన్నప్పుడే పెళ్లై, మొగుడు పోయాడట! నిజమో కాదో నీ చేత్తో నువ్వే రాసుకొచ్చావు. చెప్పవేం పుణ్యవతీ?” అత్తగారు వీరలక్ష్మి గొంతు వీధి దాకా వినిపించింది.

పుణ్యవతి కూకట్‌పల్లి బడిలో పంతులమ్మ. ఆ ఏడాది, డెబ్బై ఒకటిలో, జనాభా లెక్కల పని ఆమె మీద పడింది. మరిది బుల్లిబాబుకు చూసిన రాజరాజేశ్వరి ఇల్లు కూడా ఆమె వంతుకే వచ్చింది. నెల తిరగకముందే ఎవరో ఈ పుల్ల వేశారు. ఎల్లుండే తాంబూలాలు!

“చెప్పకూడదత్తయ్యా... చట్టం ఒప్పుకోదు. శిక్ష పడుతుంది.”

“ఇంట్లోవాళ్లకి చెబితే శిక్షేమిటి?” భర్త సోమేశ్వరరావు కసిరాడు. “తమ్ముడి బతుకు కన్నా నీకు ఆ కాగితాలే ఎక్కువా?”

పుణ్యవతి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ప్రతి కాగితమూ తానే సరిచూసి, కట్టలకు లక్క సీలు వేయించిన పైఅధికారి లింగమూర్తి మొదటిరోజే చెప్పాడు. “జర యాదికుంచుకోండ్రమ్మా. మిమ్ముల నమ్మి చెప్తరు. ఒక్క మాట బయటికొస్తే ఇగ ఎవ్వలూ మనకు నిజం చెప్పరు.”

“చెప్పకపోతే పుట్టింటికి పో!” అంది వీరలక్ష్మి.

పుణ్యవతి ఆమె వెనకే వంటింట్లోకి వెళ్లి, గొంతు తగ్గించింది. “మీ కాగితం కూడా నేనే రాశానత్తయ్యా... ఆ మాట ఇన్నాళ్లలో మీ అబ్బాయి దగ్గరైనా ఎత్తానా?”

వీరలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది. మామగారికి బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగమని పుణ్యవతి ఐదేళ్లుగా నమ్మింది. ఇప్పుడు రాజరాజేశ్వరి వాళ్లకీ అదే చెప్పారు. లెక్క రాసిన రోజున మాత్రం వీరలక్ష్మి తలవంచుకుని, “విడిపోయామని రాయి... ఆయన వేరే కాపురం పెట్టి పన్నెండేళ్లయింది. సర్కారుకి అబద్ధమెందుకు?” అంది. సోమేశ్వరరావు కూడా పెళ్లాం దగ్గర దాచిన సంగతి అది! పాపం, ఆ వేళ అత్తాకోడళ్లిద్దరూ ఏడ్చారు.

మర్నాడు పొద్దున్నే వీరలక్ష్మి బుల్లిబాబును వెంటబెట్టుకుని రాజరాజేశ్వరి ఇంటికి వెళ్లింది. ఎర్రబడ్డ కళ్లతో తిరిగొచ్చింది.

“ముందు మన సంగతి చెప్పేశాను. తర్వాత వాళ్ల సంగతి విన్నాను...”

“ఏమన్నారమ్మా?” సోమేశ్వరరావు ఆత్రపడ్డాడు. “ఆ మాట నిజమేనా?”

“ఆ పిల్లే బుల్లిబాబుతో చెప్పుకుంది. వాడు సరేనన్నాడు. మమ్మల్ని నమ్మి చెప్పిన మాట నీకెందుకురా?”

కోడలి పక్కన చతికిలబడి, ఆమె చెంపలు కొంగుతో తుడిచింది.

“లే తల్లీ, తాంబూలాల పళ్లెం తోముకుందాం.”