గాటు పడిన జెండాలు

నగరి ఊళ్లో పొద్దు పవర్లూమ్ చప్పుడుతోనే తెల్లవారుతుంది. ధనశేఖర్ ఇంట్లో అయితే ఆ చప్పుడు ఇంటి వెనక షెడ్డులోంచే వస్తుంది గనక అటక మీది గిన్నెలు కూడా సన్నగా వణుకుతుంటాయి. అలవాటైనవాళ్లకు అది చెవిన పడదు. ఆగితేనే, కరెంటు పోయిందా, పోగు తెగిందా అని లేచి చూస్తారు.

ఆ పొద్దు ధనశేఖర్ భార్య మోహన ఉప్మా కలుపుతూ మామ మునిరామయ్యను ఒక సాయం అడిగింది. ఆమె ఊళ్లోనే ఒక చిన్న బడిలో ఒకటో తరగతి టీచరు. పంద్రాగస్టు దగ్గర పడుతోంది, పిల్లలకు ఆ కథ చెప్పాలి. పుస్తకంలో ఉన్నది అరపేజీ. తెల్లవాళ్లు వచ్చారు, గాంధీతాత పోరాడాడు, వాళ్లు వెళ్లిపోయారు, అంతే. పోయిన ఏడు అదే చెప్పి, మనకు స్వాతంత్ర్యం ఎవరు తెచ్చారని అడిగితే, ఒక పిల్లోడు లేచి హెడ్‌మాస్టరు సారు తెచ్చారు టీచర్, చాక్లెట్లు కూడా తెచ్చారు అన్నాడు. మోహనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ ఏడు ఆ తరగతిలో తన కూతురు రూపశ్రీ కూడా ఉంది. అందుకే బడికొచ్చి ఆ కథ చెప్పమని మామను పిలిచింది.

మునిరామయ్య ఎగిరి గంతెయ్యలేదు గానీ, ఉతికిన పంచె తీసి మంచం మీద పెట్టుకున్నాడు. ఆయన గుంట మగ్గం మీద నేసి నేసి నడుము వంగిన మనిషి. ఆయన నాయనకు రాట్నం రోజులు తెలుసు. ఆ కథలన్నీ ఈయన కడుపులో భద్రంగా ఉన్నాయి. వినేవాళ్లు లేక అట్లే ఉండిపోయాయి. కొడుకు ధనశేఖర్‌కు చెబుదామంటే, ఇద్దరి మధ్య మాటలు తిన్నావా, పడుకున్నావా అనే కాడికే. మగ్గం తీసేసి పవర్లూమ్ పెట్టినప్పటి నుంచీ మునిరామయ్య ఆ షెడ్డు గడప తొక్కలేదు. నీ కొడుకు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మిషన్ తిప్పతాడు అని చెప్పి మాట మార్చేస్తాడు.

బడిలో మాత్రం ఆయన మాట జోరు చూసి తీరాలి. తెల్లవాళ్ల మిల్లుల సీమగుడ్డ ఓడల్లో వచ్చి మద్రాసు రేవులో దిగడం, అది చవకని జనం దాని మీద పడడం, ఇక్కడి నేతగాళ్ల పొయ్యిలో పిల్లి లేవకపోవడం, గాంధీగారు రాట్నం పట్టడం, వీధుల్లో సీమగుడ్డలు కుప్పపోసి కాల్చడం, కళ్లకు కట్టినట్టు చెప్పాడు. అన్ని గుడ్డలూ కాల్చేస్తే ఏం కట్టుకున్నారు తాతా అని ఒక పాప అడిగింది. మనం నేసినవి కట్టుకున్నారమ్మా అని ఆయన ఛాతీ విరుచుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులోనే ఆయన చివర్న ఇంకో మాట అన్నాడు. చేత్తో వడికి చేత్తో నేసిందే జెండా, మిషన్లో వచ్చేది తప్పు గుడ్డ అన్నాడు. మోహన గుండె గుభేలుమంది. పిల్లల ముందు పెద్దాయనను ఏమంటుంది? చిన్నపిల్లలు, రేపటికి మరిచిపోతారులే అనుకుంది.

ఎందుకు గుభేలుమందంటే, ఆ నెలంతా ధనశేఖర్ నేస్తున్నది జెండా గుడ్డే. ఇప్పుడు మిషన్ జెండాకూ చట్టం ఒప్పుకుంది గదా, పుత్తూరు, వడమాలపేట అంగళ్లవాళ్లు అడిగారు, మోహన బడివాళ్లూ అడిగారు. గుడ్డ షెడ్డులో నేసి, ఊళ్లోనే రంగులు అద్దించి, అంచులు కుట్టించి, కట్టలు కట్టి నడింట్లో పేర్చి పెట్టాడు. ఆ కట్టలను దాటుకునే అందరూ వంటింట్లోకి పోయి వస్తున్నారు.

మునిరామయ్య ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. నేతలో తప్పు పడిన గుడ్డ అంచుకు కత్తెరతో ఒక గాటు పెడతారు. గాటు ఉన్నదాన్ని మంచి గుడ్డని చెప్పి ఎవరికీ అమ్మరు. నడక నేర్చినప్పటి నుంచీ రూపశ్రీ అది చూస్తూనే ఉంది. ఆ ఆదివారం పొద్దున మోహన పెరట్లో బట్టలు ఆరేస్తుండగా, రూపశ్రీ నడింట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని, కట్టలు విప్పి, ఒక్కో జెండా తీసి, ఒక్కో గాటు పెట్టింది. ఎంత ఒబ్బిడిగా పెట్టిందో. గాటు పెట్టినదాన్ని మళ్లీ మడిచి పక్కన పెట్టింది.

ఆటోవాణ్ని పిలుచుకుని వచ్చిన ధనశేఖర్ గడపలోనే నిలబడిపోయాడు. చాలావరకు అయిపోయింది. చిరిగిన జెండాను ఎవరూ ఎగరెయ్యరు.

"ఏం జేస్తా ఉండావు రూపా?"

"తప్పు గుడ్డకు గాటు పెడతా ఉండా నాయనా. కొనేవాళ్లు మోసపోకూడదు గదా." పాప తల ఎత్తి నాయన ముఖం చూసింది. జాలిపడినట్టు, "నువ్వు చేత్తో నేసేది నేర్చుకో. తాత నేర్పిస్తాడు" అంది.

చెయ్యి లేచింది గానీ కొట్టలేకపోయాడు. ఆటోవాణ్ని పంపించేశాడు. తిన్నె మీద కూర్చున్న మునిరామయ్య ఎదురుగా పోయి నిలబడ్డాడు. పెరట్లోంచి మోహన తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"నా మీద కోపముంటే నన్ను తిట్టు నాయనా. బిడ్డ చేతికి కత్తెర ఎందుకిచ్చినావు?"

"నేనివ్వలా. జరిగింది చెప్పినాను" అన్నాడు మునిరామయ్య. ఆయన గొంతులో బింకం ఉంది గానీ చూపు నడింట్లోని కుప్ప మీదికి పోయింది.

"సగం చెప్పినావు. సీమగుడ్డ వచ్చి నేతగాడు పస్తులున్నాడని చెప్పినావే, తెల్లోళ్లు పోయినాక గూడా ఈ ఇంట్లో పస్తులున్నాము, అది చెప్పినావా? ఇంటర్ మానేసి నేను పరాయి షెడ్డులో మిషన్ కాడ నిలబడితే నువ్వు నాతో మాట్లాడలా. సరే అనుకున్నా. ఈ పొద్దు నా బిడ్డే నన్ను మోసగాడు అంటా ఉండాది. ఆర్డరు పోతే ఇంకోటి వస్తాది. దాని కళ్లల్లో నేను తప్పు గుడ్డ నేసేవాణ్నయితే ఎట్ల బతకాల నాయనా?"

ఆ మాట అంటూనే వెనక్కి తిరిగి షెడ్డులోకి పోయి మిషన్లు ఆపేశాడు. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. రూపశ్రీకి అప్పుడు భయమేసింది. తానేదో చేయకూడనిది చేసిందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. మంచి పనే గదా చేసింది.

మోహనకు మామ మీద కోపం వచ్చింది, తన మీద తనకు అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆ రోజే ఒక్క మాట సర్ది చెప్పి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు. కోపం పెట్టుకుని కూర్చుంటే పని కాదని జెండాలు ఒక్కొక్కటే తిరగేసి చూసింది. పాప చిన్న చేతులకు కత్తెర లోతుగా దిగలేదు. గాట్లన్నీ కర్ర దూర్చే వైపే ఉన్నాయి. ఇంకొంచెం లోపలికి మడిచి కుడితే చాలావాటిలో కనబడవు. ఆమె కుట్టు మిషన్ ముందు కూర్చుంది. కాసేపటికి మునిరామయ్య లేచి వచ్చి, ఒక్కో అంచు మడిచి, గోటితో గీరి, కోడలి చేతికి అందించడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒక జెండాను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. నేతలో ఒక్క పోగు కూడా జారలేదు. మోహన అది చూసీ చూడనట్టు కుట్టుకుంటూ పోయింది. సాయంత్రానికి పనికిరానివి పక్కన పెట్టి, మిగతావి కట్టలు కట్టారు. ధనశేఖర్ అన్నం తినలేదు. రూపశ్రీ నాయన పక్కన కూర్చోలేదు.

సోమవారం పొద్దున మునిరామయ్య మళ్లీ ఉతికిన పంచె కట్టాడు. మిగిలిపోయిన కథ కొంచెముండాది మోహనా, చెప్పేసి వస్తాను అన్నాడు. ఈసారి ఏం చెబుతారో అని ఆమె కొంచెం జంకింది, కాదనలేకపోయింది.

తరగతిలో ఆయన జోరుగా చెప్పలేదు. స్వాతంత్ర్యం వచ్చినా అందరి ఇండ్లల్లో అన్నం రాలేదు పిల్లోల్లారా అని మొదలుపెట్టాడు. చేత్తో నేసిన లుంగీలు కొనేవాళ్లు తగ్గిపోయిన సంగతి, మగ్గం మీద పడుగు లేక ఊరికే కూర్చున్న రోజుల సంగతి చెప్పాడు. తన కొడుకు చదువు మానేసి మిషన్ కాడికి పోయి ఇల్లు నిలబెట్టిన సంగతి కూడా చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. నేతగాడికి అన్నం దొరకాలనే గదా గాంధీగారు రాట్నం పట్టింది, మిషన్ గుడ్డను నేను తప్పు గుడ్డ అన్నది తప్పు అన్నాడు.

బడికి ఇవ్వాల్సిన జెండాల కట్ట భుజాన వేసుకుని వచ్చిన ధనశేఖర్ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. మోహన చూసి లోపలికి పిలిచింది. టీచర్, జెండా నేసినాయన ఈయనే అంటూ పిల్లలు గోలగోలగా ప్రశ్నలడిగారు. జెండా నేసేదానికి ఎంతసేపు పడతాది, మిషన్ కరుస్తాదా అన్నారు. ధనశేఖర్ నేల మీద కూర్చుని అన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. అందరి వెనక నుంచి రూపశ్రీ లేచింది.

"నాయనా, అన్నం లేనప్పుడు నువ్వు ఏడ్చినావా?"

ధనశేఖర్ తండ్రి వైపు చూశాడు. చెప్పాలా వద్దా అని లోపల పెనుగులాడి, చివరికి చెప్పేశాడు.

"లేదు రూపా. మీ తాత ఏడ్చినాడు. ఉండే రవ్వంత అన్నం నాకు పెట్టేసి, తాను తిన్నానని చెప్పి, మగ్గం గుంటలో కూర్చుని నోట్లో టవలు పెట్టుకుని ఏడ్చినాడు. తలుపు సందులోంచి సూసినాను. మర్నాడే పోయి మిషన్ కాడ చేరినాను."

 కొడుకు కష్టానికి ఓర్చుకోలేక, సులువైన పని చూసుకుని మగ్గాన్ని వదిలేసి పోయినాడనే మునిరామయ్య ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఆ మాట మనసులో పెట్టుకునే కొడుకు ముఖం చూడడం మానేశాడు.

"చెప్పలేదేమిరా నాతో?"

"నువ్వు మాట్లాడితే గదా నాయనా, చెప్పేది."

పెద్దాయన కొడుకు పక్కన నేల మీద కూలబడి, వాడి భుజం మీద తల ఆనించి, పసిపిల్లాడల్లే వెక్కి వెక్కి ఏడ్చాడు. పిల్లలంతా బిక్కమొహాలు వేశారు. తాత ఏడస్తా ఉండాడు టీచర్ అని ఒక పాప చెప్పింది.  రూపశ్రీ పిల్లల మధ్యలోంచి దారి చేసుకుని వచ్చి, నాయన ఒళ్లో కూర్చుని, ఒక చేత్తో తాత పంచె కొంగు పట్టుకుంది. ధనశేఖర్ కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు, రెండో చెయ్యి తండ్రి వీపు మీద వేసి ఊరికే నిమురుతూ కూర్చున్నాడు.