పథ్యపు రొట్టె

"రొట్టెలో విషం లేదు."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఫజలుద్దీన్ ల్యాబ్ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జమ్మికుంట పత్తి వ్యాపారి లక్ష్మీరాజం మంచంలో ఎముకల గూడులా పడి ఉన్నాడు. ఏడాదిగా విరేచనాలు. కడుపుబ్బరం. భార్య కిష్టవ్వే విషం పెడుతోందని కంప్లయింట్ ఇచ్చింది అతనే.

"మరి నాకెందుకిట్ల అయితది సాబ్? కరీంనగర్ దవాఖానల గంజి తాగి మంచిగైన. ఇంటికొచ్చినంక మళ్ల షురూ. గీ ఇంట్ల వండేది అదొక్కతే."

కిష్టవ్వ గోడకు ఆనుకుని నిలబడింది.

తమ్ముడు హనుమండ్లు అన్న కాళ్లు ఒత్తుతున్నాడు.

మధ్యాహ్నం కిష్టవ్వ రెండు పళ్లేలు తెచ్చింది. భర్తకు గోధుమ రొట్టె. మరిదికి జొన్న రొట్టె. భర్తకు పళ్లెం ఇచ్చే ముందు రొట్టె అంచు తుంచి, పప్పులో అద్ది, తాను నోట్లో వేసుకుంది. అది మింగేదాకా చూసి, అప్పుడు లక్ష్మీరాజం పళ్లెం అందుకున్నాడు.

"ఇదేం రివాజు?" అన్నాడు ఫజలుద్దీన్.

"ఆయినే పెట్టిండు. ఆర్నెల్లాయె."

"నీకెప్పుడన్న కడుపుల నొచ్చిందా?"

"లే."

ఫజలుద్దీన్ పళ్లేల వంక చూశాడు.

"అన్నకు గోధుమలు, నీకు జొన్నలా? మీ వదినె నీకు అన్యాయం చేస్తుంది గదయ్యా."

హనుమండ్లు నవ్వాడు. "నాది మోటు పానం సాబ్. గోధుమలు అన్న బలానికి. హైదరాబాద్ పెద్ద డాక్టరే చెప్పిండు. నేనే తీస్కపోయిన. రేషన్ల దొర్కకుంటె బ్లాకుల కొనుక్కొస్తున్న."

"డాక్టర్ ఎవరితోటి చెప్పిండు?"

"నాతోనే. అన్నకు అప్పుడు మందు మత్తుల సోయి లేకుండె."

ఆ డాక్టర్ పేరు కనుక్కుని, ఫజలుద్దీన్ నేరుగా పోస్టాఫీసుకు వెళ్లి హైదరాబాద్‌కు ట్రంక్‌కాల్ బుక్ చేశాడు.

మర్నాడు అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. కిష్టవ్వ చేత గోధుమ రొట్టె చేయించి, హనుమండ్ల ముందు పెట్టించాడు.

"తిను."

"ఆకలి లేదు సాబ్."

"మీ వదినె రోజూ తింటుంది. ఏం కాలే. విషం లేదని రిపోర్టొచ్చింది. ఎందుకు భయం?"

హనుమండ్లు పళ్లెం పక్కకు జరిపాడు.

"తినరాదు తమ్మీ," అన్నాడు మంచంలోంచి లక్ష్మీరాజం. "పాపం, దాని చేతిల విషం లేదంటున్నరు గద."

హనుమండ్లు చేయి కదల్లేదు.

"తినడు," అన్నాడు ఫజలుద్దీన్. "డాక్టర్‌తో మాట్లాడిన. నీకు గొట్టం మింగించి, పేగు ముక్క తీసి చూసిండంట. నీ పేగులకు గోధుమ పడదు సేఠ్. అందరికీ తిండే, నీకు మాత్రం విషం. కరువుల రేషన్ గోధుమలు తిన్నప్పుడే నీకిది మొదలైంది. ఇది ఒకే రక్తం ఉన్నోళ్లకు వచ్చే జబ్బు. అందుకే నీ తమ్మునికి కూడ పరీక్ష చేసిండు. ఆయనకూ ఉంది. ఇద్దరూ జన్మల గోధుమ ముట్టొద్దన్నడు."

హనుమండ్ల వైపు తిరిగాడు.

"నువ్వు మానేసినవ్. అన్నకు పథ్యమని చెప్పి పెట్టించినవ్. ఆయనకు పిల్లల్లేరు. ఆయన మట్టిలకు, వదినె జైలుకు పోతే పత్తి దుకాణం ఎవరిది?"

"కాళ్లు ఒత్తినవ్ గదరా," అన్నాడు లక్ష్మీరాజం. "రోజూ ఒత్తినవ్."

కానిస్టేబుల్ హనుమండ్లను బయటికి నడిపించాడు.

ఫజలుద్దీన్ టోపీ పెట్టుకునేసరికి కిష్టవ్వ వేడి జొన్న రొట్టె తెచ్చింది. లక్ష్మీరాజం ఆత్రంగా చేయి చాచాడు. ఆమె పళ్లెం వెనక్కి లాక్కుంది. అంచు తుంచి నోట్లో వేసుకుంది.

"ఇంకెందుకే అది? తప్పయింది నాది."

కిష్టవ్వ నెమ్మదిగా నమిలింది. మింగింది. అతని కళ్లలోకి చూస్తూ కాసేపు ఆగి, పళ్లెం ముందుకు జరిపింది.

"తిను. నేను సావలే."