హిమేనా ఇచ్చిన ఒక్క పాట

ఆ అమ్మాయి నన్ను ఎనభై మంది మధ్యలో నిలబెట్టి వెళ్లిపోయింది. నేనేమైనా తప్పు చేసి ఉంటే పోనీలే అనుకునేవాణ్ణి. ఒక్క అడుగు కూడా తడబడలేదు.

మా బోయెదో పేట క్లబ్బులో ఆదివారం మధ్యాహ్నం టాంగో డాన్స్ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఆడవాళ్లు ఈ గోడ పక్కన కూర్చుంటారు, మగవాళ్లు ఆ గోడ పక్కన. దగ్గరికెళ్లి అడగడం మొరటుతనం. చూపులు కలవాలి, ఆవిడ తల కాస్త ఊపాలి, అప్పుడే లేవాలి. లేచాక వరసగా నాలుగు పాటలు అదే జంట. మొదటి పాటకే ఎవరైనా చెయ్యి వదిలేసి వెళ్లిపోయారంటే, ఎదుటివాడి డాన్స్ పనికిరాదని మైకులో చెప్పినట్టే.

నా పేరు లీసాండ్రో. ఫ్రిజ్‌లు రిపేరు చేస్తాను. ఆ పనిని ఎవరేమన్నా పట్టించుకోను గానీ, నా డాన్స్ జోలికొస్తే మాత్రం ఊరుకోను.

హిమేనా క్లబ్బుకు కొత్త. ఆకుపచ్చ స్వెటరు, పెద్ద కళ్లు. ఆ కళ్లు హాలంతా వెతికి నా దగ్గర ఆగాయి. మూడు నిమిషాల పాట. అది అయ్యేసరికి నేను ఈ లోకంలో లేను. ఆమె నవ్వి, నా భుజం మీది చెయ్యి తీసి, తన కుర్చీకి నడిచింది. నా చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

“ఏరా, ఉల్లిపాయ తినొచ్చావా?” అన్నాడు మా గోడవైపు వాడొకడు.

మరుసటి ఆదివారం మళ్లీ నావైపే చూసింది. తప్పు దిద్దుకోవడానికే కాబోలు అనుకుని లేచాను. మళ్లీ ఒక్క పాటే. ఈసారి ఉండబట్టలేక, ఏమైనా ఇబ్బందా అని అడిగాను. అదేం లేదు, చాలా బాగుంది అని చెప్పి మరీ వెళ్లిపోయింది. బాగుంటే వెళ్లడమేమిటి? నాకు మతి పోయింది.

మూడో ఆదివారం కసి తీర్చుకున్నాను. ఆమె చూసింది. చూశానని ఆమెకు తెలిసేదాకా నేనూ చూసి, అప్పుడు తీరిగ్గా తల తిప్పి సీలింగ్ ఫ్యాను వైపు చూశాను. ఆడవాళ్ల గోడంతా అది గమనించింది. ఆమె ఒక గంట తల వంచుకుని కూర్చుని, ఎవరితోనూ డాన్స్ చేయకుండానే కోటు వేసుకుని వెళ్లిపోయింది. నేను లోలోపల ఈల వేసుకున్నాను.

నాలుగో ఆదివారం ఆమె రాలేదు. గుమ్మం దగ్గర టికెట్లిచ్చే నెలీదా నన్ను ఎగాదిగా చూసింది. డెబ్బై దాటిన మనిషి. ఆవిడంటే మాకందరికీ హడలు.

“ఆ పిల్ల ఇక రాదట. కడుపు నిండిందా నీకు?”

నేను నా పరువు గురించి ఏదో నసిగాను.

“నీ పరువు తగలెయ్య. ఆ పిల్లకి డాక్టరమ్మ వారానికి ఒక్క పాటకే ఒప్పుకుంది. రెండు వారాలూ ఆ ఒక్కటీ నీకే ఇచ్చింది. మూడోది ఇవ్వబోతే నువ్వు ఫ్యాను చూశావు.”

ఒక్క పాటేమిటి, డాక్టరేమిటి అన్నాను. ఆవిడే చెప్పుకొచ్చింది. ఫైబ్రోమయాల్జియా అట. ఒళ్లంతా ఏదో ఒక చోట నొప్పి ఉంటూనే ఉంటుందట. నెలీదా మోకాళ్ల కోసం వెళ్లే వేడినీళ్ల కొలనుకే ఆ అమ్మాయీ వస్తుందట. నేను మెట్టు మీద కూలబడ్డాను. జబ్బు సంగతి కాదు నన్ను కుదిపేసింది. మా గోడ పక్కన నలభై మంది మగవాళ్లున్నారు. ఉన్న ఒక్క పాటా ఆమె నాకోసం దాచుకుంది.

మంగళవారం పొద్దున్నే కొలను బయట నిలబడ్డాను. మాకు జూలై అంటే నడి చలికాలం, పైగా తుంపర. హిమేనా ఉన్ని టోపీ పెట్టుకుని బయటికొచ్చి, నన్ను చూసి బిగుసుకుపోయింది.

“జాలిపడి వచ్చారా?”

“సిగ్గుపడి వచ్చానండి.”

రోజూ ఇరవై నిమిషాలు నడవాలట, ఆగకూడదట. చెప్పేదేదో నడుస్తూ చెప్పమంది. తీరా నేను చెప్పింది రెండు ముక్కలు, మిగతాదంతా ఆమే చెప్పింది. మూడేళ్లు ఎన్ని పరీక్షలు చేయించినా అన్నీ బాగున్నాయనే వచ్చేవట. ఆఫీసులో బద్ధకం అన్నారు, ఇంట్లో నరాల బలహీనత అన్నారు. చివరికి ఒక డాక్టరమ్మ దానికి పేరు పెట్టింది. రాత్రి ఒక మాత్ర. మొదట్లో దానివల్ల పగలంతా మత్తుగా ఉంటే మోతాదు తగ్గించింది. పదింటికల్లా పడక, మూడు దాటితే మాతే టీ కూడా బంద్, ఈ కొలను, ఈ నడక, వారానికో పాట. నయమయ్యేది కాదు గానీ, ఈమధ్య మంచి రోజులే ఎక్కువ అంది.

నొప్పి మొదలవగానే నాతో చెప్పి ఉంటే నేనే ఆపేవాణ్ణి కదా అన్నాను.

“మొదలయ్యాక ఆగితే లేటు. ఇంకొక్కటి చేద్దామనిపిస్తున్నప్పుడే ఆగాలి. అదే కష్టం. మీతో మరీ కష్టం.”

నేను గుంటలో కాలు వేశాను. బూటు నిండా నీళ్లు.

మరి నేనే ఎందుకు అని అడిగితే, మిగతావాళ్లు బస్తా లాగినట్టు లాగుతారు, మీరు లాగరు అంది. అయితే ఆదివారం రమ్మన్నాను. ఆమె టోపీ చెవుల మీదికి లాక్కుంది.

“అందరూ చూస్తుంటే ఒక్కదాన్నే ఆ హాలు దాటి నా కుర్చీకి వెళ్లాలి. నొప్పి అలవాటైంది. అది అలవాటు కాలేదు.”

ఆ ఇరవై నిమిషాలూ అయ్యేదాకా ఆమె పక్కనే నడిచాను.

ఆదివారం ఆమె వచ్చింది గానీ కోటు విప్పలేదు. నేను చూశాను. చాలాసేపటికి తల ఊపింది. కోటుతోనే డాన్స్ చేసింది. పాట అయిపోగానే ఆమె చెయ్యి సడలింది, హాలంతా మావైపు తిరిగింది. నేను ఆమె చెయ్యి నా మోచేతికి తగిలించుకుని, హాలు మధ్యనుంచి నడిపించుకెళ్లి, ఆడవాళ్ల గోడ పక్కన ఆమెను కూర్చోబెట్టి, పక్క కుర్చీలో నేనూ కూర్చున్నాను.

మా క్లబ్బులో ఇంతవరకూ ఏ మగవాడూ అక్కడ కూర్చోలేదు; కూర్చుంటే ఆ ఇద్దరూ ఒకటని చాటినట్టే. రెండో పాట మొదలైనా ఒక్క జంటా కదల్లేదు. గుమ్మంలో నెలీదా నోరు తెరుచుకుని ఉండిపోయింది. అందరికన్నా ఎక్కువ బిత్తరపోయింది హిమేనా.

“అటు వెళ్లండి. ఇక్కడ కూర్చుంటే ఏమనుకుంటారో తెలుసుగా?” అంది గొంతు తగ్గించి.

“తెలుసు. అందుకే కూర్చున్నాను.”

“ఇంకా మూడు పాటలున్నాయి. వేరే ఎవరితోనైనా...”

“నాకూ వారానికి ఒక్కటే.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను భయపెట్టాలనుకుందేమో, గొంతు కాస్త పెంచింది. “కొన్నిరోజులు మంచం దిగలేను. దువ్వెన కూడా పట్టుకోలేను. అప్పుడు నేనెలా ఉంటానో మీకు తెలీదు.”

“తెలీదు, నిజమే. నువ్వు చెప్పు. మూడు పాటల టైముంది.”

హిమేనా కోటు విప్పి కుర్చీకి తగిలించింది. తర్వాత, నా వైపు తిరిగి, చెప్పడం మొదలుపెట్టింది.