ఎవరిస్తో కార్డు

మాంతా రేవులో, మేం చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ వెనక, ఐసు గది పక్కన ఓ సన్నటి నడవా ఉండేది. చీకటి పడ్డాక అటు ఒంటరిగా వెళ్ళే మొనగాడు లేడు. కానీ హాజరు కార్డు కొట్టే మిషను ఆ నడవా చివరే ఉంది...

ఆ చోటుకి చెడ్డపేరు తెచ్చింది మా సూపర్‌వైజరు గ్రిసెల్డా.

రాత్రి పదికి పని ఆగుతుంది. పదీ ఐదుకి బస్సు కదులుతుంది. తప్పితే కొండమీది పేట దాకా నడకే. చేతులు కడిగీ కడగకుండా గేటువైపు పరిగెత్తే వాళ్ళకి, డ్యూటీ దిగేటప్పుడు కార్డు కొట్టాలని ఎక్కడ గుర్తుంటుంది? రోజూ పదిమందిమైనా మరిచేవాళ్ళం. "నెలాఖరుకి వీళ్ళని దారిలో పెట్టకపోతే నీ కుర్చీలో ఇంకొకరుంటారు" అని పై ఆఫీసు గ్రిసెల్డాకి తేల్చి చెప్పేసింది.

ఆమె బతిమాలింది. అరిచింది. గోడలకి కాగితాలంటించింది. ఊహూ! చివరికి ఓ సాయంత్రం, వేయించిన అరటికాయ ముక్క నములుతూ గొంతు తగ్గించింది.

"ఇదివరకు ఇక్కడ పనిచేసిన ఎవరిస్తో సంగతి తెలుసా? కార్డు కొట్టకుండా వెళ్ళాడు... ఆ రాత్రే దారిలో చచ్చిపోయాడు. మిషను లెక్కలో ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు పాపం. దిగిపోదామని... కార్డు వెతుక్కుంటూనే ఉన్నాడు."

వారం రోజులు అందరం గుంపుగా వెళ్ళి కొట్టాం. తర్వాత భయం ముదిరింది. గుంపుగా కూడా ఎవరూ వెళ్ళలేదు. ఒక్క గురువారమే ఇరవైమూడు కార్డులు అలాగే ఉండిపోయాయి!

శుక్రవారం గ్రిసెల్డా తలుపుకి అడ్డంగా నిలబడింది.

"పిరికి సన్నాసుల్లారా! ఎవరిస్తో లేడు, వాడి తాతా లేడు. నేనే కల్పించాను. రండి, చూపిస్తా!"

ఎవరూ కదల్లేదు. ఆమె ఒక్కతే వెళ్ళింది. మేం ఇటునుంచి ఇటే బస్సెక్కేశాం.

నడవాలో బల్బు మాడిపోయి ఉందట. ఐసు గది తలుపు సందులోంచి చలిపొగ కాళ్ళకి చుట్టుకుంటోంది... ఒక్కో అడుగే వేసింది... మిషను దగ్గర ఏదో కదిలింది.

తెల్లగా — తలనుంచి కాళ్ళదాకా తెల్లగా.

"నా కార్డు... నా కార్డేదీ..."

గ్రిసెల్డా ఓ అడుగు వెనక్కి వేసింది. "ఎ... ఎవరిస్తో?"

తెల్లటిది మెల్లగా ఇటు తిరిగింది. "కాస్త వెతికిపెట్టు తల్లీ..."

గ్రిసెల్డా పెట్టిన కేకకి బస్సు డ్రైవరు గేరు వెయ్యబోయి ఆగిపోయాడు. మరుక్షణం గ్రిసెల్డా, ఒక కాలికే చెప్పుతో, బస్సులో వచ్చి పడింది.

ఆమె వెనకే, ఫ్యాక్టరీ తెల్లకోటు, తెల్లటోపీ, మూతికి తెల్లగుడ్డ, చేతిలో ఆ రెండో చెప్పుతో, మాతో పనిచేసే తోమాసా అత్త ఆయాసపడుతూ బస్సెక్కింది. అత్తకి చెవులు మందం. ఎవరిస్తో కథ ఆవిడ చెవిన పడనే లేదు. అందుకే ఇన్నాళ్ళూ ఒక్కతే వెళ్ళి కార్డు కొట్టొస్తోంది.

"దెయ్యం తరిమినట్టు ఆ పరుగేంటమ్మా?" అంటూ చెప్పు అందించింది అత్త. "అది సరేగానీ... నీ కార్డు కొట్టావా?"

గ్రిసెల్డా కిటికీలోంచి ఆ చీకటి నడవా వైపు చూసింది... మా మొహాలు చూసింది...

"పోనియ్ నాయనా!" అంది డ్రైవరుతో.

మర్నాడు మేం వచ్చేసరికి మిషను గేటు దగ్గర, బస్సాగే చోట, పెద్ద లైటు కింద ఉంది.