కిస్తీ సోమవారం

పొద్దున్నే అప్పయమ్మ వరండా కడిగి, చాప పరిచి, ఫైనాన్సు సారు కోసం ప్లాస్టిక్ కుర్చీ వేసింది. తెలుగు కూలీలు వలసొచ్చి స్థిరపడ్డ ఉక్కు ప్లాంటు బస్తీ ఖుర్సీపార్‌లో ఆ వీధి ఆడవాళ్ళ అప్పు గ్రూపుకి ఆమే లీడరు. ఎవరైనా కిస్తీ కట్టలేకపోతే మిగిలిన వాళ్ళంతా కలిసి పూడ్చాలి. పూడ్చేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. ఈ సోమవారం కట్టలేనిది ఆమె సొంత కోడలు రోహిణి.

కొడుకు అనిల్‌కుమార్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. గేటు పాసు రెన్యువల్ కాక, పని లేక నెల దాటింది. ఇవాళ కూడా కాంట్రాక్టరు ఆఫీసు ముందు నిలబడ్డానికి వెళ్ళాడు. ఇన్ని వారాలూ అప్పయమ్మ తన ముక్కుపుడక తాకట్టు పెట్టి నెట్టుకొచ్చింది. ఇక పెట్టడానికేమీ లేదు.

"నువ్వు లోపల తలుపేసుకో. మీ యమ్మకి బాగోలేక క్యాంప్ వన్‌లో కన్నోరింటికి ఎల్లావని సెప్తాను."

"ఎన్నాళ్ళు దాక్కుంటానత్తా? లలితాంబ పిన్ని సెక్టర్ సెవెన్‌ క్వార్టర్లలో వంట పని సూస్తానంది కదా. అప్పుడే ఒప్పుకునుంటే..."

"మీ మావ పర్మినెంటు ఉజ్జోగం సేసినోడు. ఆయన కోడలు ఒకరింట గరిటె తిప్పుతాదేటి? లోపలికెల్లు."

రోహిణి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. సారు డబ్బు లెక్కపెట్టి, ఒక కిస్తీ తక్కువుందన్నాడు.

"వచ్చే సోమవారం రెండూ కలిపి కట్టేస్తాం, భయ్యా," అంది అప్పయమ్మ.

"నియమ్ సబ్ కే లియే ఏక్ హీ హై, మాతాజీ." రూలు అందరికీ ఒకటేనన్నాడు గానీ, అతను గొంతు పెంచలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు.

లలితాంబ అసహనంగా కదిలింది. "నాకు డ్యూటీ టైమైపోతోంది. ఆలీసమైతే మేడమ్ నెల పగారు కోస్తాది. నీ కోడలేదీ?"

"క్యాంప్ వన్‌కెల్లింది. వాళ్ళమ్మకి జొరం."

"ఇందాక పంపు కాడ బిందె పట్టుకెల్లిందే. ఇంతలోనే రెక్కలొచ్చాయేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. లలితాంబ నవ్వలేదు.

"పోయినేడు నాకొక్క వారం తప్పితే నలుగురిలో ఏటన్నావు? కట్టలేనిదానివి సంతకం ఎందుకెట్టావే అన్నావు. మరిప్పుడేటంటావు?"

లోపలి గడియ తీసిన చప్పుడైంది. రోహిణి వచ్చి చాప అంచున కూర్చుంది.

"నానింట్లోనే ఉన్నాను పిన్నీ. అలా సెప్పమని అత్తని నానే బతిమాలాను. తప్పు నాది."

అప్పయమ్మ తలెత్తింది. ఆ మాట నిజం కాదని తమ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. ఊరుకుంటే తన పరువు నిలుస్తుంది. కానీ అందరి చూపులూ కోడలి మీదికి తిరిగాయి.

"కాదు," అంది. "దాన్ని దాచింది నానే. పనికెల్తానంటే ఆపిందీ నానే. లలితాంబా, నిన్ను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

లలితాంబ ఆమె వంక చూసి, కొంగుముడి విప్పి, మడతలు పడ్డ నోట్లు చాప మీద పెట్టింది.

"నీ మీద జాలి కాదులే. నా ఆటో ఎల్లిపోతాది."

మిగిలిన కొంగుముళ్ళు కూడా ఒక్కొక్కటే విడ్డాయి. సారు డబ్బు తీసుకుని వెళ్ళాడు. లలితాంబ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "పగారొచ్చాక అందరికీ తీర్చాల, ఉట్టినే కాదు. రేపు నాతో రా రోహిణీ. మీ అత్త ఒప్పుకుంటేనే," అని సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

వరండా ఖాళీ అయ్యాక అప్పయమ్మ మెల్లగా అడిగింది. "ఆ మాట నీ మీదెందుకేసుకున్నావే?"

"నలుగురిలో నువ్వు తలొంచుకుంటే నాను సూడలేనత్తా."

అప్పయమ్మకు కళ్ళు నిండి కోడలి ముఖం మసకబారింది. తుడుచుకోకుండానే వంటింటి వైపు నడిచింది.

"రేపు నీకు క్యారేజీ నాను కడతాను," అంది గుమ్మం దగ్గర ఆగి. "కూరేటి సెయ్యమంటావు?"