కోడలి పేరున ప్రార్థన

ఆ శుక్రవారం పొద్దున కామారెడ్డిలో తమ వీధి చివర కూరగాయల బండి దగ్గర కృపారాణి బెండకాయలు ఏరుతుంటే, ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే సాలవ్వ. అత్త రాజమణితో కలిసి ప్రార్థన కూడికలకు వెళ్లే మనిషి.

"రంది పడకు బిడ్డా" అంది సాలవ్వ గొంతు తగ్గించకుండానే. "మా గుంపంత నీ కోసం ఉపవాసం ఉంటున్నం. ఆరో నెలల కడుపు పోయిందట గదా. ఏ పాపం అడ్డమున్నా ప్రభువే తీసేస్తడు."

కృపారాణి చెయ్యి ఆగిపోయింది. "ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మీ అత్తమ్మనే. మా ప్రార్థన గుంపు వాట్సాప్‌ల మాట్లాడి పెట్టింది. నువ్వు ఇనలేదా?" అంటూ సాలవ్వ అక్కడే ఫోను తీసి వినిపించింది.

రాజమణి గొంతే. ఏడుస్తూ, దగ్గుతూ. "ప్రభువా, కడుపు పోయినకాడి నుంచి నా కోడలు మోకాళ్లు వంచుతలేదు. ఆమె మనసు రాయి అయింది. ఆమెల ఏ పాపముంటే మా ఇంటికి గిట్లయిందో నువ్వే బయటపెట్టు తండ్రీ..."

బండి అతను కూడా తూకం ఆపి వింటున్నాడు. కృపారాణి సంచి అక్కడే వదిలేసి నడిచింది.

ఆమె పనిచేసే బడిలో ఆ రోజు ఏం పాఠం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. మధ్యాహ్నం ఎల్లారెడ్డి నుంచి తండ్రి అబ్రాహాము ఫోన్ చేశాడు. "ఏందో మీ అత్త మాటలట బిడ్డా, మన చర్చి వాళ్లు ఇనిపించిండ్రు..." అని ఫోన్ పెట్టేశాడు. తండ్రి అలా మాట సగంలో వదిలేయడం ఆమె ఎప్పుడూ ఎరగదు. పొద్దుటి నుంచి లోపల మండుతున్నది అప్పుడు గొంతు దాకా వచ్చింది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి వాకిట్లో చెప్పులు నిండి ఉన్నాయి. ముందు గదిలో ఆడవాళ్లు చాపల మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. భర్త జాన్ కరెంటు లైన్ల పని నుంచి అప్పుడే వచ్చి తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. నడుమ రాజమణి చేతులెత్తి ప్రార్థిస్తోంది.

"తండ్రీ, నా కోడలు కృపారాణిని నీ పాదాల కాడ పెడుతున్న. ఆమె రాతి గుండెను..."

"ఆపు అత్తమ్మా!"

అందరి కళ్లూ తెరుచుకున్నాయి.

"ప్రార్థన నడుమ గట్ల అరుస్తారా?" అంది రాజమణి.

"ఏది ప్రార్థన? దేవునికి చెప్పేదుంటే తలుపేసుకొని చెప్పు. నువ్వు ఊరికి చెప్పినవ్. కూరగాయల బండోనికి చెప్పినవ్. ఎల్లారెడ్డిల నా బాపుకు చెప్పినవ్! నాల ఏ పాపమున్నదో బయటపెట్టుమన్నవ్ గదా, అందరున్నరు, ఇప్పుడే అడుగు. ఏం పాపం చేసిన నేను?"

"నీ మంచి కోరే చేసిన. నీ కోసం ఏడ్వని రోజు లేదు నాకు."

"మంది ముందల ఏడ్చినవ్. నా పక్కకొచ్చి ఒక్కనాడన్న కూసున్నవా? దవాఖానల నా చెయ్యి పట్టుకున్నవని, నా తల్లి అసొంటిదానివని నీ ముందర ఏడ్చిన. అదంత మూటగట్టి పంచిపెట్టినవ్!"

"కృపా, ఇంత మందిల ఎందుకు... తర్వాత మాట్లాడుకుందం" అన్నాడు జాన్.

"నువ్వు మాట్లాడకు. ఆ మాటలు నీ ఫోనుకు గూడ వచ్చినయి. ఇని ఊకున్నవ్."

ఆమె లోపలికి వెళ్లి రెండు చీరలు సంచిలో కుక్కుకుని, వాళ్ల మధ్య నుంచే బయటికి వచ్చి బస్టాండ్ దారి పట్టింది.

రాజమణి గుంపు వైపు తిరిగింది. "చూసిండ్రా? అత్తనన్న మర్యాద ఉన్నదా?" అంది.

"కోపం గాదక్కా అది, లోపల ఏదో ఉన్నది" అంది సాలవ్వ. "నువ్వే అంటివి గదా పాపమని. పెండ్లికి ముందల ఏమన్న జరిగిందేమో ఎల్లారెడ్డిల అడిగి చూడరాదు?"

ఇంకో ఆమె తల ఊపింది. మరొకామె "నాకూ గదే అనుమానం" అంది.

రాజమణి వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఆ మాట తన నోట్లో ఉన్నప్పుడు కన్నీళ్లతో తడిసి ఉంది. వాళ్ల నోళ్లలో అది ఎంత నీచంగా ఉందో ఇప్పుడు వినపడింది. నిప్పు తనే పెట్టింది.

"లేవుండ్రి" అంది.

"ఇంకా ముగింపు ప్రార్థన గాలే అక్కా."

"అయిపోయింది. లేవుండ్రి! నా కోడలి మీద ఇంకో మాటంటే నాలిక చీరుత. నడువుండ్రి నా ఇంట్ల నుంచి!"

అందరూ వెళ్లాక రాజమణి మోకాళ్ల మీద కూర్చుంది. ఎప్పుడూ ధారగా వచ్చే మాటలు ఆ రోజు రాలేదు. 'ప్రభువా' అని నోరు తెరిచిన ప్రతిసారీ, 'ముందు ఆమె దగ్గరికి పో' అని ఎవరో మొహం మీదే చెప్పినట్టు అనిపించింది.

ఎల్లారెడ్డిలో అబ్రాహాము కూతురిని ఏమీ అడగలేదు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. "నీ కోపం తప్పు గాదు బిడ్డా. కానీ దాన్ని రోజూ అన్నం లెక్క వండుకోకు. అది నిన్నే తింటది" అన్నాడు. కృపారాణి కంచం ముందు నుంచి లేచిపోయింది.

మరునాడు పొద్దున్నే రాజమణి బస్సు దిగి ఒక్కతే వచ్చింది. కృపారాణి గడప దాటనివ్వలేదు.

"ఈడ గూడ ప్రార్థన పెట్టనీకి వచ్చినవా?"

"లేదు బిడ్డా. మాఫీ అడుగనీకి వచ్చిన. నీల పాపం లేదు. గా మాట అన్న నోరే పాపపుది. రాత్రే గుంపుల చెప్పిన, నాదే తప్పని. రేపు చర్చిల నిలబడి చెప్త."

"చెప్తే పోయిన పరువు వస్తదా?"

"రాదు." రాజమణి గడప బయటే కూలబడింది. "నీ ముందర కూసోలేకనే మందిల ఏడ్చిన. నీ మొకం చూస్తే నాకు ఆ పిల్లనే కనపడ్తది."

కృపారాణి గడప దిగి వచ్చింది. "ఏ పిల్ల?"

"ఆడపిల్ల బిడ్డా. దవాఖానల నర్సమ్మ నా చేతుల పెట్టింది. నీకు మత్తు దిగలే. చూస్తే పానం నిలుపుకోలేవని, దవాఖానోళ్లే తీసుకపోయిండ్రని అబద్ధం చెప్పిన. నా చీర చింపి చుట్టిన. మన సమాధుల తోటల జానే గుంత తవ్విండు."

"జాన్‌కు తెలుసా?" కృపారాణి అరిచింది. "ఇద్దరికీ తెలుసా? ఆడపిల్లో మగపిల్లోడో తెల్వక నేను పిచ్చిదాని లెక్క రోజుకో పేరు అనుకుంట బతుకుతున్న! ఊరందరికీ అన్నీ చెప్పినవ్, నాకు చెప్పాల్సింది నాకే చెప్పలే! కన్నదాన్ని నేను అత్తమ్మా!"

ఆమె పిడికిళ్లతో అత్త భుజాల మీద కొట్టింది. రాజమణి అడ్డుకోలేదు. కొట్టి కొట్టి ఆ చేతులే అత్త మెడను చుట్టుకున్నాయి. కడుపు పోయిన తర్వాత కృపారాణి నోరు తెరిచి ఏడవడం అదే మొదటిసారి. అబ్రాహాము లోపలి నుంచి వచ్చి, ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి నిలబడ్డాడు.

కృపారాణి అత్త భుజం మీంచి తలెత్తి అడిగింది, "పిల్ల ఎట్లుండె?"

"నీ ముక్కే బిడ్డా. చిన్నగ."

"నాకు చూపియ్యి. ఏడ పెట్టిండ్రో నాకు చూపియ్యి."

మధ్యాహ్నానికి వాళ్లు కామారెడ్డిలో సమాధుల తోట చేరారు. రాజమణి ఫోన్ చేయడంతో జాన్ ముందే వచ్చి, గోడ పక్కన ఒక చిన్న మట్టి దిబ్బ మీది గడ్డి పీకుతున్నాడు. భార్యను చూసి లేచి నిలబడ్డాడు.

"నన్ను తిట్టు కృపా. చెప్పే ధైర్యం లేకపోయింది."

"తిడత" అంది ఆమె. "ఇంటికి పోయినంక శాన తిడత. ఇప్పుడు ఈడ కూసో."

ముగ్గురూ మట్టిలోనే మోకాళ్లూనారు. రాజమణి అలవాటుగా నోరు తెరిచి, కోడలి వైపు చూసి మూసుకుంది. కృపారాణి అరచేతిని దిబ్బ మీద ఆనించింది. ఎండకు మట్టి వెచ్చగా ఉంది.

"ప్రభువా," అంది ఆమె చివరికి, "నీ మీద గూడ కోపమున్నది నాకు. అయినా వచ్చిన. నా బిడ్డ పేరు దీవెన. మంచిగ చూసుకో."

"ఆమేన్" అన్నాడు జాన్. రాజమణి ఆ మాట కూడా అనలేకపోయింది. కోడలి చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి, మనవరాలి పేరును మొదటిసారి పలికింది.