ఒకరు ఆగితే

ఆ హాల్లో అడుగుపెట్టిన మొదటి రోజే ఆమె పదిహేడు మంది చేత తిట్లు తింది. పైకి ఎవరూ ఒక్క మాటా అనలేదు. అంతా చూపులతోనే కానిచ్చేశారు.

టైర్ల గోదాము మీద ఉన్న పొడవాటి రేకుల హాలు అది. నేలంతా నల్ల రబ్బరు చాపలు, ఓ మూల ఇనుప బరువులు, మధ్యలో మనిషి ఎత్తు కన్నా పైన అడ్డంగా బిగించిన కడ్డీలు. గోడకి ఎర్రంకెల గడియారం. దాని కింద నీలం పెయింటుతో జానెడేసి అక్షరాలు: ‘ఒకరు ఆగితే అందరూ మొదటికి.’

ఉత్సాహం కోసం రాసుకున్న మాటేమో అనుకుంది ఆమె. నిమిషం దండీలు, నిమిషం గుంజీలు, నిమిషం కడ్డీ, మధ్యలో పది సెకన్ల ఊపిరి. ఇరవై నిమిషాల రౌండులో పదకొండో నిమిషానికి ఆమె కళ్ళ ముందు నల్లచుక్కలు ఆడాయి. చాప మీద చతికిలబడింది. విజిల్ మోగింది. గడియారం సున్నాకి వచ్చింది. పదిహేడు తలలు ఒకేసారి ఇటు తిరిగాయి.

కోచ్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ముప్పై ఉంటాయేమో. మెడలో విజిల్, నుదుటి మీద చెమట.

"లేవండి."

"లేవలేను."

"మీవల్ల వీళ్ళంతా మళ్ళీ మొదలుపెట్టాలి."

"నావల్ల కాదండీ, ఆ గోడవల్ల."

ఎవరో కిసుక్కున నవ్వారు. కోచ్ మాత్రం నవ్వు పెదవుల దాకా వస్తే మింగేశాడు. "గోడ మీద రాసింది నేనే."

"అయితే మీవల్ల."

ఆ రోజు నుంచి ఆమె పేరు సగంరౌండ్ అయిపోయింది.

నిజానికి ఆమె అలా ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఊరి బడిలో వెనక బెంచీలో కూర్చుని, అడిగితేనే నోరు విప్పిన పిల్ల. ఇప్పుడు పెద్దాసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. రోజంతా మైక్రోస్కోప్ ముందు కూర్చునే ఉద్యోగం. షుగర్ వ్యాధితో అమ్మ కాలి వేలు తీసేసిన ఏడాదే, ఓ మధ్యాహ్నం ఖాళీగా ఉండి తన రక్తం తనే పరీక్ష చేసుకుంది. షుగర్ గీత అంచున నిలబడి ఉంది. ఆ మర్నాడే ఈ హాలు మెట్లెక్కింది.

మూడు నెలలు గడిచాయి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం ఎటు పోయిందో తెలియదు. రాత్రి తల దిండుకి ఆనగానే నిద్ర. మళ్ళీ పరీక్ష చేసుకుంటే షుగర్ గీతకి బాగా కిందికి దిగింది. ఒంటరిగా అయితే మూడో రోజే మానేసేదాన్నని ఆమెకి తెలుసు. పక్కవాళ్ళ రొప్పు వింటూ చేస్తుంటే తన ఒళ్ళు తన మాట వినేది. పదిహేడు మంది మధ్య ఒక అడుగు తేలికగా పడుతుంది.

ఆ తేలికలో కోచ్ వాటా ఎంతో ఆమె లెక్క వెయ్యలేదు. వేస్తే భయం.

ఒక పొద్దున్న వాన దంచి కొట్టింది. అందరూ వెళ్ళిపోయారు. గొడుగు లేక ఆమె షట్టర్ కింద ఆగిపోయింది. అతను వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సగంరౌండ్ గారూ, ఓ మాట అడగనా? మొదటి రోజు అందరి ముందూ ఆగిపోయారు కదా. సిగ్గెయ్యలేదా?"

"వేసింది. సిగ్గు కన్నా ఊపిరి ముఖ్యం కదండీ."

అతను వాన వంక చూశాడు. "నాకు వ్యాయామం నేర్పిన మాస్టారి దగ్గర నేనెప్పుడూ ఆ మాట అనలేకపోయాను. ఆయన రూలే ఆ గోడ మీదున్నది."

"మీకు అది ఇష్టమేనా?"

"అది లేకపోతే నేను ఎందుకూ పనికిరాకుండా పోయేవాణ్ణి. ఇష్టమో కాదో ఎప్పుడూ ఆలోచించలేదు." చేతిలోని తువ్వాలు ఆమెకిచ్చాడు. "తల మీద వేసుకోండి. రేపు తెచ్చివ్వండి."

ఆమె మర్నాడు తేలేదు. ఆ మర్నాడూ తేలేదు. అతనూ అడగలేదు.

ఆ తర్వాతి సోమవారం టైలర్ బాబాయ్ వచ్చాడు.

ఆసుపత్రి ఎదురు సందులో ఆయన దుకాణం. ల్యాబ్ కోట్లన్నీ కుట్టేది ఆయనే. యాభై దాటాయి. ఇరవై ఏళ్ళుగా మిషను ముందు నుంచి కదిలింది లేదు. ఆమెని చూడగానే మొహం చాటంత చేసుకున్నాడు.

"అమ్మాయ్, నువ్వూ ఇక్కడేనా! మీ పిన్ని తరిమింది. ఊరందరి కొలతలూ తీస్తావు, నీ నడుం కొలతకి టేపు చాలట్లేదంది."

"మొదటి రోజు మెల్లగా చెయ్యండి బాబాయ్."

"మెల్లగా చేస్తే మీ పిన్ని ఊరుకుంటుందా? నెలలో నడుం తగ్గాలని ఆర్డరేసింది!"

కోచ్ ఇద్దర్నీ ఒకే కడ్డీకి జతగా వేశాడు. మొదటి పది నిమిషాలు బాబాయ్ జోకులు వేశాడు. తర్వాత జోకులు ఆగిపోయాయి. పదిహేడో నిమిషంలో ఆమె పక్కకి చూసింది. కడ్డీ పట్టుకున్న ఆయన చేతులు మిషను సూదిలా వణుకుతున్నాయి. మొహం పాలిపోయింది. కళ్ళు మాత్రం గోడ మీది నీలం అక్షరాలనే చూస్తున్నాయి.

ఆమె నోరు తెరిచింది. అప్పుడే కోచ్ ఆమె వైపు చూసి బొటనవేలెత్తాడు. మూడు నెలల్లో మొదటిసారి అందరూ ఒక్కరూ ఆగకుండా రౌండు పూర్తి చేయబోతున్నారు. అతని కళ్ళలో చిన్నపిల్లాడి సంబరం. ఇప్పుడు తను ‘ఆపండి’ అంటే ఆ సంబరం ఆరిపోతుంది.

ఆమె నోరు మూసుకుంది.

రౌండు పూర్తయింది. అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయ్ కూడా కొట్టబోయాడు. చేతులు లేవలేదు.

బుధవారం పది గంటలకి ల్యాబ్‌కి ఒక మూత్రం శాంపిల్ వచ్చింది. పాలు పొయ్యని టీ డికాషన్ రంగు. చీటీ మీద ‘కామెర్ల అనుమానం’ అని ఉంది. పరీక్ష పట్టీ ముంచింది. రక్తం ఉన్నట్టు రంగు మారింది. మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్క ఎర్రకణం లేదు.

రక్తం కాదది. అలవాటు లేని ఒంటిని ఒక్కసారిగా నలగ్గొడితే కండ చిట్లి, దానిలోని రంగు మూత్రంలోకి దిగుతుంది. ఆలస్యమైతే మూత్రపిండాలు పోతాయి. ఆ సంగతి పుస్తకంలో చదివింది. చీటీ తిప్పి పేరు చూసింది. తన కోటు కుట్టిన మనిషి పేరు.

బాబాయ్ డాక్టరుకి వ్యాయామం సంగతి చెప్పలేదన్నమాట. చెబితే కోచ్‌కి మాట వస్తుందని దాచి ఉంటాడు. ఇప్పుడు ఆ సంగతి తెలిసింది ఈ భవనంలో తనొక్కతికే. నోరు విప్పితే అతని హాలు మూతపడొచ్చు. అతను మళ్ళీ తన మొహం చూడకపోవచ్చు. విప్పకపోతే బాబాయ్...

డ్యూటీ డాక్టరు గది దాకా పరుగెత్తింది. ఆయాసం రాలేదు. అతను నేర్పిన పరుగే.

"మేడమ్, ఇది కామెర్లు కాదనుకుంటాను. మొన్న పొద్దున్న ఈయన చాలా గట్టి వ్యాయామం చేశారు. కండ పరీక్ష కూడా రాయండి."

"నీకెలా తెలుసు?"

"పక్కనే ఉన్నాను."

కండ పరీక్షలో, రెండు వందల లోపు ఉండాల్సిన అంకె అరవై వేలు దాటింది. గంటలో బాబాయ్‌కి సెలైన్ ఎక్కింది.

సాయంత్రం ల్యాబ్ కిటికీ దగ్గర కోచ్ నిలబడి ఉన్నాడు. మెడలో విజిల్ లేదు. పిన్ని ఫోన్ చేసి పిలిచి, వరండాలోనే కడిగేసిందట. "మనిషిని పంపితే మూట కట్టి ఇచ్చావు" అందట. తల వంచుకుని విన్నాడట.

"డాక్టరుకి చెప్పింది మీరేనట," అన్నాడు.

"అవును."

"మంచి పని చేశారు."

కోపం కోసం కాచుకున్న ఆమెకి ఆ మాటతో కళ్ళు నిండాయి. "కాదు. చెప్పాల్సింది ఇవాళ కాదు, సోమవారం. ఆయన చేతులు వణకడం చూశాను. మీ సంబరం పోతుందని ఊరుకున్నాను."

అతని చెయ్యి విజిల్ లేని మెడ మీదికి వెళ్ళింది.

"నేను చూడలేదా?" అన్నాడు. "విజిల్ నా నోట్లోనే ఉంది."

ఆరు రోజులు. రోజూ పొద్దున్నే బాబాయ్ రక్తం ఆమే పరీక్ష చేసింది. మూత్రపిండాల అంకె మూడు రోజులు ఎక్కింది, ఒక రోజు నిలబడింది, తర్వాత మెట్టు మెట్టుగా దిగింది. కోచ్ వార్డు బయట బెంచీ మీదే ఉండేవాడు. ఐదో రోజున పిన్ని అతని చేతిలో టీ గ్లాసు పెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది.

ఆరో రోజు బాబాయ్ కత్తెర తెప్పించుకుని గాలిలో రెండుసార్లు ఆడించాడు. "అమ్మయ్య, తెగుతోంది," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు కోచ్.

హాలు షట్టర్ రెండు నెలలు దించే ఉంది. ఆమె ఆసుపత్రి మెట్లు ఎక్కుతూ దిగుతూ గడిపింది. అతను ఒళ్ళు దెబ్బతినకుండా నేర్పే చదువేదో చదువుతున్నాడని బాబాయ్ చెప్పాడు. అతనికి ఫోన్‌లో ‘ఎలా ఉన్నారు’ అని రాసి, చెరిపేసి, తువ్వాలు మడతపెట్టి, మళ్ళీ విప్పేది. ఓ ఆదివారం ఫోన్‌లో మూడు మాటలు వచ్చాయి: ‘రేపు ఐదున్నరకి. రండి.’

వెళ్ళేసరికి పదకొండు మందే ఉన్నారు. కొత్తవాళ్ళకి పావు రౌండేనట. జ్వరం వచ్చి తగ్గినవాళ్ళకి, వారం మానినవాళ్ళకి కూడా అంతేనట. నీళ్ళ బిందె మధ్యలోకి వచ్చింది. బాబాయ్ హాలు చుట్టూ నడుస్తున్నాడు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పిన్ని కాపలా.

గోడ మీద చివరి మాట చెరిపేసి ఉంది. దాని మీద అదే నీలం రంగుతో కొత్త మాట. ఇప్పుడది ‘ఒకరు ఆగితే అందరూ ఆగాలి.’

"ఎవరు చెయ్యెత్తినా గడియారం ఆగుతుంది," అన్నాడు కోచ్. "అందరూ నిమిషం కూర్చోవాలి. నేను పక్కకొచ్చి అడుగుతాను. నిజం చెప్పాలి."

రౌండు మొదలైంది. రేకుల మీద వాన కూడా మొదలైంది. పదకొండో నిమిషంలో ఆమె చెయ్యెత్తింది.

విజిల్. అంకెలు ఆగాయి. అందరూ కూర్చున్నారు. అతను ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఊపిరాడట్లేదా?"

"ఆడుతోంది."

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు."

"ఛాతీలో నొప్పి?"

"అది... కొంచెం. చాలా రోజుల నుంచి."

అతని మొహం రంగు మారింది. ఆమె గబగబా తల అడ్డంగా ఊపింది.

"అయ్యో, ఆ నొప్పి కాదు! ఒకసారి చెప్పాల్సింది చెప్పకుండా ఊరుకున్నాను. ఏమైందో చూశాం. ఇంకెప్పుడూ ఊరుకోకూడదనుకున్నాను. మీరంటే నాకు ఇష్టం. మీ తువ్వాలు నేనివ్వను."

నడక ఆపేసి బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"కోచ్, నిమిషం అయిపోవస్తోంది."

"నువ్వు నోరు మూసుకో," అంది పిన్ని గుమ్మం దగ్గర్నుంచి. "ఊపిరాడనిది ఆ పిల్లకి కాదు. పాపం, అబ్బాయికి."

అతను మెడలోంచి విజిల్ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. తర్వాత, ఆ హాలు కట్టిన నాటి నుంచీ ఎవరూ చూడని పని చేశాడు. మెల్లగా తన చెయ్యెత్తాడు.

"నాకింకో నిమిషం కావాలి," అన్నాడు. "ఒక నిమిషంలో చెప్పే మాట కాదు."

గడియారం దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.